రెండు పొయ్యిల సీసా

మొన్న ఆదివారం మా మనవరాలు నాకు సలాడ్ చేసి పెట్టింది. పోర్ట్ బ్లెయిర్ డాలీగంజ్‌లో మా వంటగదిలో ఫోను పంచదార డబ్బాకి ఆనించి పెట్టుకుని, అందులో ఎవరో చెబుతుంటే చేసుకుపోయింది. గోధుమలు ఉడకబెట్టింది. దోసకాయ, ఉల్లిపాయ, క్యారెట్టు తరిగి కలిపింది. చిన్న గాజు సీసాలో నూనె, నిమ్మరసం, ఆవముద్ద వేసి మూత బిగించి గిలకొట్టింది. "నానీ, యే డ్రెస్సింగ్ హై. నేనే చేశాను, బజార్‌ది కాదు" అంది గొప్పగా. తిన్నాను. బాగానే ఉంది. గోధుమలు ఇంకో పది నిమిషాలు ఉడకాల్సింది అన్నాను. అవి అలాగే పంటికి తగలాలట, ఫోనులో చెప్పారట.

నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఆ గోధుమలు, ఆ సీసా నాకు కొత్తేమీ కాదు. వాటి మూలంగానే ఒకప్పుడు మా ఇంటి పడవ అమ్ముడుపోబోయింది, అదీ నా నోటి పుణ్యమా అని. ఆ పిల్లకి చెప్పబోతే సగం విన్నాక ఫోను మోగింది. అందుకని రాస్తున్నాను. దానికి తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. కావాలనుకుంటే ఎవరిచేతనైనా చదివించుకుంటుంది.

మాది శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు ఊరు. పెళ్లయిన మూడో నెలలో ఓడెక్కించి అండమాన్ తీసుకొచ్చారు. కాపురం పోర్ట్ బ్లెయిర్‌కి ఎదుటి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో. రెండు గదుల చెక్క ఇల్లు, పైన రేకులు. పక్కన అచ్చం అలాంటిదే ఇంకో ఇల్లు మా బావది, అంటే మా ఆయన అన్నగారిది. రెండిళ్లకీ మధ్య నడుమెత్తు వెదురు దడి. బావ భార్యని నేను అప్ప అనేదాన్ని. మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద, ఇద్దరు పిల్లల తల్లి. నెమ్మదిగా మాట్లాడే మనిషి. నాకేమో ముక్కు మీద కోపం, నోట్లో మాట ఆగదు.

అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకటే పడవ. ఒకళ్లు చుక్కాని పడితే ఒకళ్లు వల వెయ్యాలి, ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఆ పడవ ఉంటే రెండిళ్లకీ తిండి, లేకపోతే రెండిళ్లకీ లేదు.

రేషన్ షాపులో మామూలుగా బియ్యం ఇచ్చేవారు. ఓడ ఆలస్యమైతే బియ్యానికి బదులు గోధుమలు ఇచ్చేవారు. పిండి కాదు, గింజలు. మా ఊళ్లో చోడి, అంటే రాగి, తెలుసు, గంటెలు, అంటే సజ్జలు, తెలుసు, ఈ గోధుమల్ని ఏం చేసుకోవాలో మాకు తెలీదు. మొదటిసారి అన్నం వండినట్టే ఎసట్లో పోసి కూర్చున్నాం. పుల్లలన్నీ కాలిపోయాయి, గింజ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు అలాగే ఉంది. పిండి పట్టించాలంటే మూట నెత్తిన పెట్టుకుని ఫెర్రీ దాటి పోర్ట్ బ్లెయిర్ వెళ్లాలి, మిల్లు దగ్గర వరసలో నిలబడాలి. ఒక పూట పోయేది. పోనీ పిండి తెచ్చుకున్నా రొట్టె మాకు చేతనయ్యేది కాదు. నేను చేస్తే పొడుగ్గా, అంచులు చిరిగి, బళ్లో గోడకి తగిలించే అండమాన్ పటంలా వచ్చేది.

వెనకింట్లో రాంచీ నుంచి వచ్చిన ఒక దీదీ ఉండేది. ముందు రోజే నానబెట్టమని ఆవిడే చెప్పింది. నానబెడితే గోధుమ లొంగింది. ఉడికించి, పొట్టు చిట్లగానే దించి, నీళ్లు వార్చేసి, చేటలో పల్చగా ఆరబోసేదాన్ని. ఆరకపోతే ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతాయి. వార్చిన నీళ్లు ఉప్పేసుకుని మేమే తాగేవాళ్లం. ఆరిన గింజల్లో కోరకుండా చిన్న చిన్న ముక్కలుగా తరిగిన కొబ్బరి, ఉల్లిపాయ, దొరికితే దోసకాయ, నానబెట్టిన పెసలు, దడి పక్కన మొలిచే, కొత్తిమీర వాసనొచ్చే బర్మా ధనియా ఆకు సన్నగా తుంపి కలిపేవాళ్లం. పెసలకీ శనగలకీ మా వైపు గుగ్గిళ్లు అంటాం గదా, దీనికీ గోధుమ గుగ్గిళ్లు అనే పేరు పెట్టాం.

మగాళ్లకి ఇది బాగా నచ్చింది. అన్నం తీసుకెళితే సముద్రం మీద ఎండకి మధ్యాహ్నానికల్లా పులిసిపోయేది. గోధుమలు సాయంత్రం దాకా ఏమీ అయ్యేవి కావు. కాకపోతే పైన పోసుకునే పులుపు ముందే కలపకూడదు. కలిపితే ఉల్లిపాయ నీరొదిలి గింజలు ఉబ్బిపోతాయి. అందుకని అది విడిగా సీసాలో వెళ్లేది, తినేముందు పోసుకునేవారు. ఆ సీసా ఎవరో మిలిటరీ వాళ్లు పారేసిన రమ్ము సీసా. అప్ప దాని కాగితం గీకి పారేసి, బూడిదతో తోమి, మూతికి నీలం గుడ్డ ఉండ బిగించింది. అయినా జెట్టీ దగ్గర దాన్ని చూసినవాళ్లు మా మగాళ్లు పొద్దున్నే మొదలెట్టారని ఏడిపించేవారు.

ఆ సీసాలోది అప్ప చేసేది. ఆవాలు, పచ్చిమిరపకాయలు, రెండు వెల్లుల్లి రెబ్బలు సన్నెకల్లు మీద నూరేది. అందులో ఊట పోసేది. ఊట నాది. ఎండాకాలంలో మామిడికాయ ముక్కలు ఉప్పులో వేసి జాడీలో పెట్టేదాన్ని, వాటిలోంచి ఊరిన పుల్లటి నీళ్లన్నమాట. తర్వాత కొంచెం బెల్లం, నిమ్మకాయ, చివర నువ్వులనూనె. సీసాలోకి వంపి, చెయ్యి నొప్పెట్టేదాకా గిలకొడితే పసుప్పచ్చగా చిక్కబడేది. దాని ఘాటు ముక్కులోంచి నెత్తికెక్కేది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు నోరూరుతుంది.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మావగారి కాలం నుంచీ వస్తున్నదట. పడవ ఇద్దరిదైతే, పడవలోకి వెళ్లే తిండి డబ్బాలో రెండు పొయ్యిల తిండీ ఉండాలి. ఏ పొయ్యిది లేకపోతే ఆ ఇల్లు పడవలోంచి తప్పుకున్నట్టు. గుగ్గిళ్లు నా పొయ్యి మీదవి, సీసా అప్ప ఇంటిది. వేకువన నేను డబ్బా నింపి దడి పక్కన బల్ల మీద పెట్టేదాన్ని, అప్ప వచ్చి సీసా అందులో పెట్టేది, బావ వచ్చి పట్టుకెళ్లేవాడు. ఈ పద్ధతి గురించి మా ఆయన ఒకసారి చెప్పాడు. మగాళ్ల చాదస్తం అనుకుని వదిలేశాను.

ఒకరోజు కుళాయి దగ్గర రాంచీ దీదీ మా గుగ్గిళ్లని మెచ్చుకుంది. వాళ్లాయన ముందు రోజు మా పడవలో వెళ్లి తిన్నాడట. ఆ పులుపు ఎలా చేస్తారని అడిగింది. అప్ప, ఆ సీసా తనదేనని, ఆవ నూరడం వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నానని చెప్పింది. అబద్ధం కాదు. కానీ నా ఊట మాట ఎత్తలేదు, పక్కనే నిలబడ్డ నన్ను చూడనూ లేదు. నాకు ఒళ్లు మండింది. నా మామిడి నీళ్లు లేకపోతే ఆవిడ ఆవని కుక్క కూడా నాకదు అనేశాను. తెలుగులో కాదు, హిందీలో, వరసలో నిలబడ్డ అందరికీ అర్థమయ్యేలా. ఒకళ్లిద్దరు నవ్వారు. అప్ప బిందె సగమే నిండింది, అలాగే ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే నేను ఆవాలు నూరాను. అప్ప రేపు సీసా పంపదని నా నమ్మకం. నిజం చెప్పాలంటే పంపకూడదనే నా కోరిక. ఊట నాదే, గోధుమలు నావే, ఇంక ఆ నూరుడు ఒక్కటి నేను నూరుకోలేనా అనుకున్నాను. ఖాళీ టానిక్ సీసా ఒకటి కడిగి నింపాను. వేకువన డబ్బాలో గుగ్గిళ్ల పక్కన దాన్ని పెట్టి, బల్ల మీద ఉంచి, లోపలికొచ్చి తలుపేసుకున్నాను. బయట కాసేపటికి అడుగుల చప్పుడు వినిపించింది. బావే అయ్యుంటాడనుకున్నాను.

సాయంత్రం మా ఆయన వచ్చి, డబ్బాలో నీ సీసా ఉందేమిటి అని అడిగాడు. మీ వదిన పంపలేదు, నేను పంపాను అన్నాను. అన్న తినలేదన్నాడు. పోసుకున్నది తనొక్కడేనట. ఎలా ఉందని అడిగితే పర్వాలేదన్నాడు. మిగిలింది నేను వేలితో నాకి చూశాను. చేదు. విషంలాంటి చేదు. ఆ మనిషి మొత్తం తిన్నాడు.

మర్నాడు ఆవాలు తగ్గించి నూరాను, చేదే. ఆ తర్వాతి రోజు వేయించి నూరాను, ఇంకా చేదు. బెల్లం పెంచితే తియ్యగానూ చేదుగానూ రెండు రకాలుగా చెడింది. బావ మాత్రం జెట్టీ దగ్గర బిస్కెట్లు కొనుక్కుని అవే తినేవాడట. అప్ప విడిగా మూట కట్టబోతే, డబ్బాలో చోటు లేనప్పుడు మూటెందుకని వద్దన్నాడట. ఇవన్నీ మా ఆయన చెబితే తెలిసినవే. దడికి అటువైపు నుంచి ఇటు మాట రావడం ఆగిపోయింది. పిల్లలు కూడా మా వాకిట్లోకి రావడం లేదు.

నాలుగో రోజు బావ మా ఆయనతో, పడవలో తన పొయ్యి లేదు గనక పంచేసుకుందామన్నాడు. పడవని రెండు ముక్కలు చెయ్యలేం గదా, పంచుకోవడమంటే అమ్మడం. పోర్ట్ బ్లెయిర్‌లో ఎవరో కొంటానన్నాడట, పై వారం ఆదివారం చూడటానికి వస్తాడట. అమ్మేశాక బావ పెళ్లాం పిల్లలతో ఓడెక్కి ఊరికి వెళ్లిపోతాడు. మా ఆయన ఇక్కడే రోడ్డు పనికి చేరాలి. ఈ మాటలు చెబుతున్నంతసేపూ ఆయన నావైపు చూడలేదు. నన్ను తిట్టనూ లేదు. తిడితే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. అప్పుడు గాని నేను చేసిన పని నాకు అర్థం కాలేదు. అప్ప పొయ్యిని పడవలోంచి నేనే తోసేశాను. సీసా పెట్టాను, అంతే గదా అనుకున్నాను. అన్నదమ్ములిద్దరికీ మాత్రం అది వాటా తెంపుకోవడం.

అయినా వెంటనే వెళ్లలేదు. అప్ప సీసా పంపకపోబట్టే గదా నేను పంపింది అని నాకు నేనే చెప్పుకుంటూ ఇంకో వారం గడిపాను. మా ఆయన గోధుమలకి తోడు ఎండుచేప కాల్చుకు తీసుకెళ్లేవాడు, సీసా ఊసెత్తేవాడు కాదు. ఒక సాయంత్రం ఆయన రోడ్డు పని మేస్త్రీని కలిసి వచ్చాడని తెలిసింది. పుట్టిన దగ్గర్నుంచీ నీళ్లమీద బతికిన మనిషి, నేలమీద నడుస్తుంటేనే ఎందుకో ఒక పక్కకి ఒరిగినట్టుండేవాడు. ఆయన చేతిలో పార నేను ఊహించుకోలేకపోయాను.

ఆ బేరగాడు వచ్చే ముందు రోజు, శనివారం మధ్యాహ్నం, గిన్నెలో ఊట పోసుకుని దడి చుట్టూ తిరిగి అప్ప ఇంటికి వెళ్లాను. క్షమించమని అడగడానికి కాదు, అంత మంచిదాన్ని కాను. ఆవ చేదెందుకొస్తోందో అడుగుదామని. ఆ వంకన ఒక మాట కలిస్తే మిగతాది అదే కలుస్తుందని నా ఆశ. అప్ప వంటింట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఓడ వచ్చిందన్నమాట. నన్ను చూసింది, మళ్లీ చేట వైపు తల దించింది. కూర్చోమనలేదు.

నేను ఎటు చూడాలో తెలీక గోడ మీది అలమర వైపు చూశాను. రమ్ము సీసా అక్కడుంది. నిండుగా ఉంది. మూతికి అదే నీలం గుడ్డ. నూనె పైకి తేలి, కింద ఆవ నల్లబడి గడ్డ కట్టింది. రోజూ వాడి, రోజూ కడిగే సీసా అది. అలా ఎందుకుందో నాకు అర్థం కాలేదు.

"అప్పా, అదెప్పటిది?" అన్నాను.

అప్ప చేట ఆపింది. "ఆ రోజుదే. పట్టుకొచ్చినాను. డబ్బాలో నీది ఉంది. ఎనక్కి ఒచ్చీసినాను."

నేను తలుపేసుకుని విన్న అడుగుల చప్పుడు అప్పదన్నమాట. కుళాయి దగ్గర అంత మాట పడ్డాక కూడా, తెల్లారేసరికి మామూలుగా ఆవ నూరి, సీసా నింపి పట్టుకొచ్చింది. నేను ఆవిడ పంపలేదని పదమూడు రోజులుగా మా ఆయనకి చెబుతున్నాను, నాకు నేను చెప్పుకుంటున్నాను. సిగ్గుతో నా మొహం కాలిపోయింది. గిన్నె ఒరిగి ఊట చీరమీద ఒలికింది.

"తప్పు నాదే అప్పా" అన్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

అప్ప చేట పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా, "హిందీలో అన్నావు" అంది. "మన బాసలో అనుంటే నానూ ఒక మాట అనీసి ఊరుకుందును."

అప్ప లేచి నా చేతిలో గిన్నె తీసుకుని పక్కన పెట్టింది. అలమర మీది సీసా దించి, పెరట్లోకి వెళ్లి వంపేసి, బూడిద పోసి తోమడం మొదలెట్టింది. తోముతూనే, దేనికొచ్చావని అడిగింది. ఆవ చేదొస్తోందని చెప్పాను.

"ఉప్పేసి నూరినావా, నూరినాక ఉప్పేసినావా?"

"నూరినాక."

"అదే మరి" అంది.

ఆవాలు తడిపి, ముందే ఉప్పేసి నూరాలట. ఉప్పు తగలకుండా నూరితే చేదు బయటికొస్తుందట, ఒకసారి వచ్చాక బెల్లం పోసినా పోదట. నా మొగుడు తిన్న చేదంతా ఒక చిటికెడు ఉప్పుతో పోయేది. అప్ప నన్ను సన్నెకల్లు ముందు కూర్చోబెట్టింది. ఉప్పు తనే వేసింది, నేను నూరుతుంటే చేత్తో నీళ్లు చిలకరించింది, ఇంకా మెత్తగా, ఇంకా అంటూ సాధించింది. ఊట తనే పోసింది, సగం ఒలికిపోయిందని సణుగుతూ.

మర్నాడు వేకువన గుగ్గిళ్లు డబ్బాకెత్తి బల్ల మీద పెట్టలేదు. ఆ రోజు పడవ వేటకి వెళ్లడం లేదు, బేరగాడి కోసం ఒడ్డునే ఉంచారు. పొద్దెక్కాక నేను డబ్బా, అప్ప సీసా పట్టుకుని ఒడ్డుకి వెళ్లాం. మామూలుగా మేము అక్కడిదాకా వెళ్లం. బేరగాడు అప్పటికే వచ్చి పడవ చుట్టూ తిరుగుతూ చెక్కల మీద వేళ్లతో కొట్టి చూస్తున్నాడు. మా ఆయన కాస్త దూరంగా ఇసకలో కూర్చున్నాడు. మేమిద్దరం కలిసి రావడం చూసి లేచాడు.

నేను డబ్బా పడవ అంచు మీద పెట్టాను. అప్ప సీసా అందులో పెట్టింది. బావ వచ్చి మూత తీసి చూశాడు. సీసా తీసుకుని, నీలం గుడ్డ పీకి, అరచేతిలో కొంచెం వంపుకుని నాకాడు. ఘాటుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఘాటుకేనని అప్పుడనుకున్నాను.

"ఎవరు నూరినారు?" అన్నాడు.

"అది నూరింది. నాను ఉప్పేసినాను" అంది అప్ప.

బావ గుడ్డ ఉండ మళ్లీ బిగించి, సీసా డబ్బాలో పెట్టి, బేరగాడి వైపు తిరిగాడు. "భయ్యా, బోట్ నహీ బేచ్నా. ఖానా ఖాకే జావో" అన్నాడు, పడవ అమ్మం, తినేసి వెళ్లమని. ఆ మనిషికి కోపమొచ్చింది. ఆదివారం పూట ఫెర్రీ దాటించి రప్పించారని కాసేపు అరిచాడు. అరిచి, కూర్చుని, తిన్నాడు. రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. అతను వెళ్లిన వెంటనే బావ డబ్బా మా ఆయన చేతికిచ్చి పడవ తొయ్యమన్నాడు. అంత పొద్దెక్కాక వేటకి వెళితే ఏం దొరుకుతుంది, ఆ రోజు ఏమీ దొరకలేదు. అయినా చీకటి పడబోతుండగా ఇద్దరూ గట్టిగా మాట్లాడుకుంటూ ఇంటికొచ్చారు.

ఆ పడవ ఇంకో పద్దెనిమిదేళ్లు తిరిగింది. ఇప్పుడు పడవా లేదు, అన్నదమ్ములూ లేరు, అప్ప పోయి కూడా చాలా ఏళ్లయింది. ఉప్పేసి ఆవ నూరడం నాకు బాగా వచ్చు. గోధుమలు ఉడికించడం అంతకుముందే వచ్చు. అయినా అప్ప పోయాక నేను ఒక్కసారి కూడా గుగ్గిళ్లు చేసుకోలేదు.

మనవరాలి గిన్నె ఖాళీ చేశాక, వచ్చే ఆదివారం మళ్లీ చేద్దామన్నాను. గోధుమలు నువ్వు ఉడకబెట్టు, సీసా నేను చేస్తానన్నాను. రెండూ తనే చేసుకోగలనంది, అదేమంత పని నానీ అంది.

"చేసుకోగలవే" అన్నాను. "నేనూ అలాగే అనుకున్నాను."